కేటీ టేలర్ స్కోర్‌కార్డులు విప్పి చూద్దాం: దగ్గరి పోరాటాల్లో ఆ ఒక్క రౌండ్ ఎక్కడ దొరికింది?

కూడికల_శేషు:
ఐర్లండ్ బాక్సర్ కేటీ టేలర్ పేరెత్తితే చాలు, "అమాండా సెరానోతో రెండో పోరాటంలో నిజానికి ఓడిపోయింది, జడ్జీలు గెలిపించారు" అని ఎవరో ఒకరు అంటారు. ఆ మాట తేల్చాలంటే కార్డులు చదవాలి. ప్రోలో, అంటే ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో, 2025 జులై నాటికి ఆమె లెక్క 26 పోరాటాలు, 25 గెలుపులు, 1 ఓటమి. ప్రత్యర్థిని ఆపేసి గెలిచినవి 6 మాత్రమే. మిగిలిన 19 గెలుపులూ జడ్జీల కాగితాల మీద తేలినవే.

ముందు పద్ధతి. మహిళల టైటిల్ పోరాటం 10 రౌండ్లు, రౌండ్‌కి 2 నిమిషాలు. ప్రతి రౌండ్‌లో గెలిచినవాళ్లకి 10, ఓడినవాళ్లకి 9. అంటే మామూలుగా ఒక జడ్జి కార్డులో ఇద్దరి మొత్తం కలిపితే 190 రావాలి. 189 వస్తే రెండే కారణాలు: ఎక్కడో ఒక రౌండ్ 10-8 పడింది (ఒకరు బాగా దెబ్బతిన్న రౌండ్), లేదా రిఫరీ ఒక పాయింట్ కోశాడు. 191 వస్తే ఏదో ఒక రౌండ్ 10-10 సమానంగా ఇచ్చారు. ఈ ఒక్క కూడిక తెలిస్తే రౌండ్ల పట్టిక చేతిలో లేకపోయినా కార్డు చాలావరకు చదవొచ్చు.

ఇప్పుడు 2024 నవంబర్ 15, టెక్సాస్‌లోని ఆర్లింగ్టన్. ముగ్గురు జడ్జీలూ 95-94 టేలర్‌కే. మొత్తం 189. 8వ రౌండ్‌లో తల తగిలినందుకు రిఫరీ టేలర్ పాయింట్ ఒకటి కోశాడు, ఆ తగ్గిన ఒకటి అదే. కోత వెనక్కి కలిపితే 96-94. అంటే ముగ్గురూ టేలర్‌కి 6 రౌండ్లు, సెరానోకి 4 ఇచ్చారు. ఆ ఆరులో ఒక్కటి అటు తిరిగి ఉంటే 95-95, కోత తీసేస్తే 94-95, సెరానో గెలుపు. డ్రా కూడా అయ్యేది కాదు. అంత సన్నటి గీత మీద ముగ్గురూ ఒకే వైపు నిలబడ్డారు.

లెఫ్ట్‌హుక్_నిజాంపేట:
శేషు అన్నా, కూడిక ఒప్పుకుంటా. కానీ ఆ పోరాటంలో గుద్దులు లెక్కపెట్టే కాంప్యూబాక్స్ సంస్థ ప్రకారం సెరానో 734 గుద్దులు విసిరి 324 తగిలించింది, టేలర్ 522 విసిరి 217. వందకి పైగా తేడా. ఆరు రౌండ్లు టేలర్‌వి ఎట్లా అయితయి? నా మటుకు సెరానోనే గెలిచింది.

కూడికల_శేషు:
ఎన్నికల్లో మొత్తం ఓట్లు ఎక్కువ వచ్చిన పార్టీకి సీట్లు తక్కువ రావడం మనం చూడలేదా? ఇదీ అంతే. ప్రతి రౌండ్ ఒక నియోజకవర్గం. సెరానో తను గెలిచిన రౌండ్లలో భారీ మెజారిటీతో గెలిచినా అక్కడ దొరికేది 10-9 మాత్రమే. టేలర్ మూడు నాలుగు శుభ్రమైన గుద్దుల తేడాతో గెలిచినా ఆమెకీ అదే 10-9. ఒక రౌండ్‌లో మిగిలిన ఆధిక్యం ఇంకో రౌండ్‌కి బదిలీ కాదు. పైగా ఆ లెక్క గుద్దు బరువుని కొలవదు. అలాగని మీ అభిప్రాయం తప్పని అనను. 6-4 సెరానోకి రాసినా తప్పు పట్టలేని పోరాటం అది.

కార్నర్‌స్టూల్:
తలలు తగలడం గురించి ఒక మాట. టేలర్ కావాలనే తలతో పొడిచిందని చాలామంది రాశారు. ఆర్థడాక్స్‌కీ సౌత్‌పాకీ మధ్య తలలు తగలడానికి కారణం కాళ్లలో ఉంది.

టేలర్ ఆర్థడాక్స్, ఎడమ కాలు ముందు. సెరానో సౌత్‌పా, కుడి కాలు ముందు. ఎదురెదురుగా నిలబడితే ఈ రెండు ముందరి కాళ్లూ ఒకే గీత మీదకి వస్తాయి. టేలర్ కుడిచేతి స్ట్రెయిట్ విసిరినప్పుడు బరువు ఎడమ కాలి మీదకి మారి తల ముందుకీ ఎడమకీ వెళ్తుంది. సెరానో ఎడమచేతి స్ట్రెయిట్ విసిరితే తల ముందుకీ కుడికీ వెళ్తుంది. టేలర్ ఎడమా సెరానో కుడీ ఒకే పక్క. ఇద్దరూ ఒకే క్షణంలో బలమైన చేయి వాడితే రెండు తలలూ ఒకే చోటికి చేరతాయి. సెరానోకి గాయం కుడి కంటి పైన అయ్యింది చూడండి, లెక్క సరిపోతుంది.

దీన్ని తప్పించడానికి పాఠం ఒకటే: ముందరి పాదం ఎదుటివాళ్ల ముందరి పాదానికి బయటి పక్కన పెట్టాలి. టేలర్ ఎడమ పాదం సెరానో కుడి పాదానికి బయట పడితే కుడిచేతికి నేరుగా దారి దొరుకుతుంది, తల కూడా గీత దాటి పోతుంది. పాదం లోపల పడితే నేరుగా సెరానో ఎడమచేతి ముందుకే వెళ్లినట్టు. అలసట వచ్చాక పాదం లోపల పడుతుంది. అందుకే చివరి రౌండ్లలో తలలు ఎక్కువగా తగులుతాయి. అయినా రిఫరీ హెచ్చరించాక మళ్లీ తగిలితే, ఉద్దేశం ఏదైనా పాయింట్ కోసే అధికారం ఆయనకి ఉంది. ఆ కోత అన్యాయం కాదు.

గాయం సంగతి కూడా. కట్‌మ్యాన్‌కి (గాయాల రక్తం ఆపే మనిషికి) దొరికేది రౌండ్ల మధ్య 60 సెకన్లు, స్టూల్ మీద కూర్చోబెట్టేసరికి అందులో పది పోతాయి. ముందు శుభ్రమైన బట్టతో గట్టిగా అదిమి, తర్వాత 1:1000 అడ్రినలిన్‌లో ముంచిన దూది పుల్లని గాయం లోపలికి పెట్టి నొక్కి పట్టుకోవాలి, చివర్లో వాసెలిన్. తుడిచి తుడిచి వదిలేస్తే రక్తం ఆగదు, ఒత్తిడే మందు. సెరానో కార్నర్ (రౌండ్ల మధ్య ఆమెని చూసుకునే జట్టు) ఆ రాత్రి చేసిన పని మెచ్చుకోవాలి. అంత గాయంతో పది రౌండ్లు పూర్తయ్యాయి.

కొత్తగా_చేరా:
నేను నిఖత్ జరీన్ పోరాటాలు చూసి ఇటు వచ్చాను. 2022 ఇస్తాంబుల్ ఫైనల్లో 5-0 అన్నారు, ఇక్కడేమో 95-94 అంటున్నారు. టేలర్ ఒలింపిక్స్‌లో 10-8తో గెలిచిందని ఇంకోచోట చదివాను. మూడు రకాల లెక్కలా?

బ్రే_తీరం:
అవునండీ, మూడూ వేరు. ఆ తేడా పట్టుకుంటే టేలర్ అమెచ్యూర్ జీవితం మొత్తం అర్థమవుతుంది.

నిఖత్‌కి వచ్చిన 5-0 అంటే ఐదుగురు జడ్జీల్లో ఐదుగురూ ఆమెకే ఇచ్చారని. లండన్ 2012లో పద్ధతి వేరు. శుభ్రంగా తగిలిన గుద్దుకి జడ్జీలు బటన్ నొక్కేవాళ్లు, తగిలిన గుద్దులే పాయింట్లు. టేలర్ 60 కిలోల ఫైనల్ 2012 ఆగస్టు 9న రష్యాకి చెందిన సోఫ్యా ఒచిగావాతో. 2 నిమిషాల రౌండ్లు నాలుగు. మొదటిది 2-2. రెండో రౌండ్ అయ్యేసరికి ఒచిగావా 4-3తో ముందుంది. మూడో రౌండ్‌లో టేలర్ 4-1 కొట్టి 7-5కి వచ్చింది. చివరికి 10-8. ఒచిగావా కూడా సౌత్‌పానే, ఎదురుదాడి కోసం కాచుకుని ఉండే రకం. అలాంటివాళ్ల మీదకి తొందరపడి దూకితే ప్రతి అడుగుకీ ఒక పాయింట్ పోతుంది. అదే ఏడాది మే నెలలో చిన్‌హువాంగ్‌డావో ప్రపంచ ఫైనల్లోనూ ఈ ఇద్దరే, అక్కడ 11-7.

లండన్‌లో మొదటి పోరాటం మాత్రం నటాషా జోనస్‌తో, 26-15. ఆ రోజు ఎక్సెల్ హాలులో కేకలు 113.7 డెసిబెల్స్ కొలిచారు. సెమీస్‌లో తజికిస్తాన్ అమ్మాయి మవ్జునా చొరియేవా మీద 17-9.

ఇక ఆమె మొదలు. 1986 జులై 2న విక్లో కౌంటీలోని బ్రే పట్టణంలో పుట్టింది. నాన్న పీట్ టేలర్ ఐరిష్ సీనియర్ లైట్‌హెవీ చాంపియన్, ఆయనే మొదటి గురువు. అమ్మ బ్రిడ్జెట్ ఐర్లండ్‌లో రిఫరీ, జడ్జి పని చేసిన తొలి మహిళల్లో ఒకరు. చిన్నప్పుడు ఆడపిల్లలకి పోటీలే లేవు. హెడ్‌గార్డ్ కింద జుట్టు దాచి, "కె. టేలర్" అనే పేరుతో మగపిల్లలతో తలపడింది. 2001 అక్టోబర్ 31న, 15 ఏళ్ల వయసులో, డబ్లిన్ నేషనల్ స్టేడియంలో బెల్ఫాస్ట్ అమ్మాయి అలానా మర్ఫీతో తలపడింది. ఐర్లండ్‌లో అధికారికంగా జరిగిన మొదటి మహిళా బాక్సింగ్ పోరాటం అదే.

తాళ్ళ_పక్కన:
ఆమె మొదటి ప్రపంచ స్వర్ణం మన ఢిల్లీలో వచ్చింది, అది చెప్పకపోతే ఎలా? 2006లో, ఫైనల్లో అర్జెంటీనాకి చెందిన ఎరికా ఫారియస్ మీద. మేరీ కోమ్ కూడా అదే పోటీల్లో స్వర్ణం గెలిచింది. తర్వాత టేలర్ నింగ్‌బో 2008, బార్బడోస్ 2010, చిన్‌హువాంగ్‌డావో 2012, జెజు 2014 వరసగా గెలిచింది. ఐదు స్వర్ణాలు. 2016 అస్తానాలో ఫ్రాన్స్ బాక్సర్ ఎస్టెల్ మొస్సెలీ చేతిలో సెమీస్ ఓడి కాంస్యంతో ఆగింది.

ఇక్కడ మనకి దగ్గరగా తగిలే విషయం ఒకటుంది. 2009 ఆగస్టులో ఒలింపిక్ కమిటీ మహిళల బాక్సింగ్‌ని ఒప్పుకుంది కానీ మూడే బరువులు ఇచ్చింది: 51, 60, 75 కిలోలు. మొత్తం 36 మంది, బరువుకి 12 మంది. టేలర్ అప్పటికే 60లో ఉంది, ఆమె శరీరానికి ఏ మార్పూ అక్కర్లేదు. మేరీ కోమ్ 46, 48 కిలోల్లో ప్రపంచాన్ని గెలిచిన మనిషి, 51కి ఎక్కాల్సి వచ్చింది. సెమీస్‌లో తనకంటే పొడవైన నికోలా ఆడమ్స్ చేతిలో 11-6తో ఓడి కాంస్యం తెచ్చింది. ఆ బరువుల పట్టిక ఒకరికి అనుకూలంగా, ఇంకొకరికి భారంగా పడింది. మేరీ కాంస్యం విలువ చూసేటప్పుడు ఈ సంగతి గుర్తుండాలి.

రెండోనిమిషం:
రియో 2016 ఓటమికి హెడ్‌గార్డ్ తీసేయడం కారణమని ఇంకో చోట రాశారు, నిజమేనా?

బ్రే_తీరం:
కాదు. రియోలో హెడ్‌గార్డ్ తీసేసింది మగవాళ్లకే, ఆడవాళ్లు పెట్టుకునే ఆడారు. మారింది లెక్క. బటన్ పద్ధతి పోయి ప్రో తరహా 10 పాయింట్ల పద్ధతి వచ్చింది. బటన్ ఉన్న రోజుల్లో టేలర్ లోపలికి దూరి మూడు వేగంగా తగిలించి బయటికి జారుకుంటే మూడు పాయింట్లు ఖాయం. కొత్త పద్ధతిలో జడ్జి రౌండ్ మొత్తం చూసి ఎవరు పైచేయి అని తేల్చాలి. ముందుకు నెట్టుకుంటూ వచ్చే మనిషికి అది కలిసొస్తుంది. ఫిన్లాండ్‌కి చెందిన మీరా పోట్కోనెన్ క్వార్టర్ ఫైనల్లో చేసింది అదే, స్ప్లిట్ డెసిషన్‌తో, అంటే జడ్జీలు రెండుగా చీలిన తీర్పుతో గెలిచింది. అప్పటికే తండ్రి ఆమె కార్నర్‌లో లేరు. ఏప్రిల్‌లో సాంసున్‌లో, మేలో అస్తానాలో, ఆగస్టులో రియోలో, ఒకే ఏడాది మూడు ఓటములు. లెక్క మారడం ఒక్కటే కారణం అనను, కార్నర్ ఖాళీ అవడం కూడా అంతే పెద్ద కారణం అని నా నమ్మకం.

కార్నర్‌స్టూల్:
ఆ తర్వాతే ప్రో. 2016 నవంబర్ 26న వెంబ్లీ అరేనాలో మొదటి పోరాటం, కరీనా కోపిన్‌స్కాని మూడో రౌండ్‌లో ఆపింది. ప్రమోటర్ ఎడ్డీ హర్న్, మేనేజర్ బ్రయన్ పీటర్స్, కోచ్ రాస్ ఎనమైట్. శిక్షణ అమెరికాలోని కనెటికట్‌లో. ఏడాది తిరక్కుండా, 2017 అక్టోబర్ 28న కార్డిఫ్‌లో అనాహీ సాంచెజ్ మీద గెలిచి డబ్ల్యూబీఏ (ప్రపంచ బెల్టులిచ్చే నాలుగు పెద్ద సంస్థల్లో ఒకటి) లైట్‌వెయిట్ బెల్టు కట్టింది. 2018లో విక్టోరియా బుస్టోస్ నుంచి ఐబీఎఫ్, 2019 మార్చిలో రోజ్ వొలాంటే నుంచి డబ్ల్యూబీఓ.

అమెచ్యూర్‌లో 60 కిలోలకి పోటీ జరిగే ప్రతి ఉదయం తూకం. ప్రోలో లైట్‌వెయిట్ హద్దు 135 పౌండ్లు, అంటే 61.2 కిలోలు, తూకం ముందు రోజే. ఒక రాత్రి తిని తాగి కోలుకునే టైమ్ ఎదుటివాళ్లకీ దొరుకుతుంది కాబట్టి, రింగ్‌లోకి వచ్చేసరికి వాళ్లు ఆమెకంటే బరువుగా ఉండొచ్చు. చేతికట్టు కూడా మారింది. అమెచ్యూర్‌లో రెండున్నర నుంచి నాలుగున్నర మీటర్ల మెత్తటి బ్యాండేజీ. ప్రోలో గాజుగుడ్డ, దాని మీద టేపు, పైన చిన్న గ్లౌజు. గుద్దు ఎక్కువ గట్టిగా దిగుతుంది. అమెచ్యూర్‌లో తగిలినా లెక్కచేయని గుద్దుని ప్రోలో పట్టించుకోవాల్సిందే.

కూడికల_శేషు:
2019 జూన్ 1, మాడిసన్ స్క్వేర్ గార్డెన్, డెల్ఫీన్ పర్సూన్. నాలుగో బెల్టు డబ్ల్యూబీసీ ఇక్కడే. కార్డులు 96-94, 96-94, 95-95. రెండు కార్డుల్లో 6-4, ఒకటి 5-5. బెల్జియం మనిషి చివరి రౌండ్లలో ఊపిరాడనివ్వలేదు. సెరానో రెండో పోరాటం కంటే దీని మీదే నాకు అనుమానం ఎక్కువ. నేనైతే పర్సూన్‌కి ఇచ్చేవాణ్ణి.

2020 ఆగస్టులో మళ్లీ ఇద్దరూ తలపడ్డారు. 98-93, 96-94, 96-94. మొదటి కార్డు మొత్తం 191. అంటే ఒక రౌండ్ 10-10, టేలర్‌కి 7, పర్సూన్‌కి 2. ఈసారి టేలర్ పర్సూన్‌ని తాళ్ల దాకా రానివ్వలేదు, రెండు గుద్దులు కొట్టి పక్కకి అడుగేసింది.

2021 మే 1, మాంచెస్టర్, మళ్లీ జోనస్: 96-95, 96-95, 96-94. ఇక్కడ కూడా 191లు రెండు. 96-95 అంటే 5 రౌండ్లు టేలర్‌వి, 4 జోనస్‌వి, ఒకటి సమానం. లండన్‌లో 11 పాయింట్ల తేడా ఉన్న ఇద్దరు, ప్రోలో ఒక్క రౌండ్ దగ్గరికి వచ్చేశారు. తేడా ఎక్కడ కరిగిందో కార్నర్‌స్టూల్ పైన చెప్పిన తూకం, గ్లౌజుల్లోనే చాలావరకు ఉంది.

లెఫ్ట్‌హుక్_నిజాంపేట:
సెరానో మొదటిది మరిచిపోకండి. 2022 ఏప్రిల్ 30, గార్డెన్‌లో మహిళలు ప్రధాన పోరాటంగా నిలిచిన మొదటి రాత్రి, 19,187 మంది. ఐదో రౌండ్‌ల టేలర్ తాళ్ల దగ్గర చిక్కి నడిచే కాళ్లు నడవలే. ఇంకో నిమిషం ఉంటే ఆగిపోయేది.

కూడికల_శేషు:
ఆ రాత్రి కార్డులు 97-93, 96-93 టేలర్‌కి, 96-94 సెరానోకి. 96-93 చూడండి, మొత్తం 189. ఆ రాత్రి పాయింట్ కోత లేదు, కాబట్టి ఆ కార్డులో ఒక 10-8 ఉండాలి. అది ఐదో రౌండ్‌లో సెరానోకి పడిందనుకుంటే, టేలర్‌కి 96 రావాలంటే మిగిలిన తొమ్మిదిలో 7 రౌండ్లు గెలిచి తీరాలి. వేసి చూడండి: 70 ప్లస్ 18 ప్లస్ 8. ఒక రౌండ్‌లో అంత దెబ్బ తిని, మిగిలిన తొమ్మిదిలో ఏడు.

రెండోనిమిషం:
లెఫ్ట్‌హుక్ గారు అన్న "ఇంకో నిమిషం" అసలు పాయింట్. మగవాళ్లకి 3 నిమిషాల రౌండ్లు, 12. వీళ్లకి 2 నిమిషాలవి 10, మొత్తం 20 నిమిషాలు. దెబ్బ తిన్న మనిషికి తల తేటపడటానికి పదిహేను ఇరవై సెకన్లు చాలు. క్లించ్‌లో, అంటే ఎదుటివాళ్ల చేతులు బిగించి పట్టుకుని ఆ ఇరవై సెకన్లు గడిపితే గంట మోగుతుంది, 60 సెకన్ల విశ్రాంతి. ఆపేసి గెలవడం తగ్గడానికి ఇది ఒక కారణం. జడ్జీలకీ కష్టమే, చూడటానికి తక్కువ టైమ్ కాబట్టి రౌండ్లు దగ్గరగా వస్తాయి. సెరానో ఈ విషయంలో గట్టిగా నిలబడింది. 2023 అక్టోబర్‌లో డానిలా రామోస్‌తో 3 నిమిషాల రౌండ్లు 12 ఆడింది, డబ్ల్యూబీసీ ఒప్పుకోకపోతే ఆ బెల్టే వదిలేసింది. నాకు ఆ నిర్ణయం మీద గౌరవం ఉంది. 3 నిమిషాలైతే టేలర్ గెలవదా అంటే, అలా అనను. కానీ ఆమె ఆట మొత్తం 2 నిమిషాలకి కొలిచి కుట్టిన చొక్కా.

తాళ్ళ_పక్కన:
ఒకే ఒక్క ఓటమి గురించి ఎవరూ రాయలేదు. 2023 మే 20, డబ్లిన్ 3అరేనా, ప్రోగా సొంత గడ్డ మీద మొదటి పోరాటం. మొదట సెరానోతో అనుకున్నారు, ఆమె గాయపడింది. డబ్లిన్‌లోని పెద్ద స్టేడియం క్రోక్ పార్క్‌లో పెట్టాలన్న కోరిక ఖర్చుల దగ్గర ఆగిపోయింది. అప్పుడు చాంటెల్ కామరన్, 140 పౌండ్ల నాలుగు బెల్టుల చాంపియన్, 63.5 కిలోల బరువు. టేలర్ తన బరువు దాటి పైకి వెళ్లింది. కార్డులు 95-95, 96-94, 96-94 కామరన్‌కి. కామరన్ పెద్ద మనిషి, అడుగు వెనక్కి వేయదు, పొట్ట మీద కొడుతూనే ఉంటుంది. టేలర్ మొదటి రౌండ్లు వెనక్కి తగ్గుతూ ఆడింది, అక్కడే నాలుగు రౌండ్లు పోయినట్టు.

ఆరు నెలలకి, నవంబర్ 25న, అదే హాలు, అదే మనిషి. 98-92, 96-94, 95-95 టేలర్‌కి. ఈసారి మొదటి గంట నుంచే రింగ్ మధ్య తను పట్టుకుంది, ముందు తను కొట్టింది, కామరన్ దగ్గరికి రాగానే చేతులు బిగించి పట్టేసింది. పట్టుకోవడం ఎక్కువైందన్న విమర్శలో నిజముంది, రిఫరీ ఇంకా గట్టిగా హెచ్చరించాల్సింది. కానీ 37 ఏళ్ల వయసులో, తనని ఓడించిన పెద్ద బరువు మనిషి దగ్గరికి వెంటనే తిరిగి వెళ్లి గెలవడం నాకు లండన్ స్వర్ణం కంటే పెద్దది.

కొత్తగా_చేరా:
పోరాటం చూస్తూ ఇంట్లో నేనూ కార్డు రాసుకోవాలంటే ఎలా మొదలుపెట్టాలి?

కార్నర్‌స్టూల్:
వ్యాఖ్యానం మ్యూట్ చేయండి, ఇది అన్నిటికన్నా ముఖ్యం. కాగితం మీద పది గడులు గీయండి. గంట మోగిన పది సెకన్లలో రాసేయండి, రీప్లే చూసి మార్చకండి, జడ్జికి రీప్లే ఉండదు. చూడాల్సింది వరసగా: శుభ్రంగా తగిలిన గట్టి గుద్దులు, తర్వాత ఫలితమిచ్చిన దూకుడు, తర్వాత రింగ్ ఎవరి చేతిలో ఉంది, చివరగా కాపుదల. చేతుల మీద, భుజాల మీద పడినవి లెక్కలోకి రావు. కొత్తవాళ్లు చేసే తప్పు, చివరి ఇరవై సెకన్లు చూసి రౌండ్ ఇచ్చేయడం. టేలర్ సరిగ్గా అక్కడే ఒక వేగమైన దెబ్బల వరస వేస్తుంది, జడ్జి కంట్లో పడటానికే. నిమిషం గడిచేసరికి ఎవరు ముందున్నారో గడి మూలలో ఒక చుక్క పెట్టుకుంటే ఆ ప్రభావం తగ్గుతుంది. రిఫరీ పాయింట్ కోస్తే ఆ రౌండ్ గెలుపు ముందు రాసి, తర్వాత ఒకటి తీసేయండి. రౌండ్ గెలిచినవాళ్లకే కోత పడితే 10-9 కాస్తా 9-9 అవుతుంది.

లెఫ్ట్‌హుక్_నిజాంపేట:
ఈ పద్ధతిలో మ్యూట్ చేసి ఆర్లింగ్టన్ పోరాటం మళ్లీ చూసిన. నా కార్డు 6-4 సెరానోకి, కోత కలిపితే 96-93. ముందు 7-3 అనుకున్న, ఒక రౌండ్ మారింది. రెండో రౌండ్, పదో రౌండ్ టేలర్‌కే ఇచ్చిన.

కూడికల_శేషు:
మంచి కార్డు. ఇక 2025 జులై 11, మూడోది, మళ్లీ గార్డెన్‌లో, కార్డు మొత్తం మహిళల పోరాటాలే. 97-93, 97-93, 95-95. మూడూ 190, కోత లేదు, 10-8 లేదు. 7-3, 7-3, 5-5. ఇది మొదటి రెండింటి కంటే చూడటానికి చప్పగా ఉందని చాలామంది అన్నారు. కారణం టేలరే. మొదటి రెండుసార్లు సెరానోతో నిలబడి గుద్దులు మార్చుకుంది. మూడోసారి పాదం బయటే ఉంచి, ఒకటి రెండు కొట్టి దూరం జరిగింది. కార్నర్‌స్టూల్ చెప్పిన ఆ ఎడమ పాదం మీద కన్నేసి, ధ్వని లేకుండా, ఈ మూడోది కూడా చూసి కార్డు పెట్టండి లెఫ్ట్‌హుక్ గారూ. నాకు 6-4 టేలర్‌కి వచ్చింది. నాలుగో రౌండ్ ఎవరికి ఇచ్చారో తప్పకుండా రాయండి, నేను అక్కడ రెండుసార్లు ఆగాను.

లెఫ్ట్‌హుక్_నిజాంపేట:
ఆదివారం చూసి పెడతా అన్నా. పది గడులు గీసి ఉంచిన.